ప్రతిపాదనను టేబుల్ చేద్దామా?

మా చిప్పును చంపింది మీరే. స్టాండర్డ్స్ రాసే ప్రమాణాల కమిటీలో కుర్చీలు వేసుకుని కూర్చున్న పెద్దమనుషులే. కస్టమర్ రిపోర్టులో ‘ఇంజనీర్ అజాగ్రత్త’ అని రాశారు కదా, ఆ అజాగ్రత్త బెంగళూరు మారతహళ్ళిలో కీబోర్డు కొట్టిన జరీనాది కాదు. ఒక చెడ్డ వాక్యాన్ని ఏళ్ళ తరబడి ప్రమాణంలో అలాగే ఉంచి, సవరణ వచ్చిన ప్రతిసారీ దాన్ని దాటి పక్క పేజీకి పోయిన మీది.

ఆ వాక్యమేమిటో చెబుతాను. చిప్పు ముఖం చూడనివాడికి కూడా అర్థమవుతుంది.

ఇప్పుడు చిప్పును ఎవరూ చేత్తో గీయరు. దానికొక భాష ఉంది. ఫలానా పేరున్న తీగ ఈ ముక్కలోంచి ఆ ముక్కలోకి పోవాలి అని అందులో రాస్తాం. కంప్యూటర్ చదువుకుని మిగతా పని చేస్తుంది. తీగ పేరు తప్పు కొట్టామనుకోండి. బుద్ధున్న భాషైతే ‘ఈ పేరుతో తీగ లేదే’ అని అరవాలి. ఈ భాష అరవదు. ఆ తప్పు పేరుతోనే అప్పటికప్పుడు ఒక కొత్త తీగను పుట్టిస్తుంది. దాని రెండో కొసను ఎక్కడా కలపకుండా గాల్లో వదిలేస్తుంది. పైగా అంతా బాగుందంటుంది. ప్రమాణంలో అలా చేయమనే ఉంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలన్నీ అలాగే చేస్తాయి. అడిగితే ప్రమాణం వైపు వేలు చూపిస్తాయి.

తొంభై తొమ్మిదిలో మా ఆఫీసు మారతహళ్ళిలో ఒక అద్దె ఇంటి మేడ మీద ఉండేది. కింద కదిరమ్మ మెస్. ఆఫీసులో కంప్యూటర్ల శబ్దం కంటే కింద గ్రైండరు శబ్దమే ఎక్కువ. అక్కడ మేము ఒక విదేశీ కస్టమర్ కోసం చిన్న చిప్పు చేశాం. ఫోన్ మోగగానే, చేసినవాడి నంబరు చూపించే పెట్టెలో కూర్చునే చిప్పు.

ఆ డిజైన్‌లో ‘రింగ్’ అనే మాట ఎటు చూసినా తగిలేది. గుండ్రంగా తిరిగే లెక్క ఒక రింగ్. చుట్టూ తిరిగొచ్చే మెమరీ ఒక రింగ్. ఫోన్ మోగడం మరో రింగ్. ఏ రింగ్ ఏ రింగో తెలియక రోజూ తగాదా. మా మేనేజర్ స్టాన్లీ గుంటూరు మనిషి. ఒకరోజు విసిగిపోయి, “ఫోను మోతకి మన మాటే వాడదాం అండీ. గంట అందాం. గొడవొదిలిపోద్ది,” అన్నాడు. అందరికీ నచ్చింది. ఆఫీసు ఆనవాయితీ అయింది.

ముక్కలన్నిటినీ కలిపే ఫైలు స్టాన్లీ రాసేవాడు. అందులో ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో గంట అని కొట్టాడు. జరీనా కర్నూలు పిల్ల. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బయట తెలుగు. ఆమె చెవికి అది ఘంటా. తన ముక్క రాస్తూ జీ పక్కన హెచ్ పెట్టింది. రెండూ సరైన స్పెల్లింగులే. జరీనా ముక్కలోంచి ఘంట బయటికి వచ్చింది. అవతలి ముక్క గంట కోసం కాచుకుని కూర్చుంది. మధ్యలో ఆ భాష తన ధర్మం తాను చేసింది, ఒక దిక్కులేని తీగను కని పారేసింది. ముక్కలు విడివిడిగా పరీక్షిస్తే అన్నీ పాసయ్యాయి. కలిపి పరీక్షించాల్సిన సమయాన్ని కస్టమర్ తొందరపెట్టి మింగేశాడు.

చిప్పు తయారై వచ్చింది. ఫోన్ మోగింది. వీధి చివరిదాకా వినబడింది. చిప్పుకు మాత్రం వినబడలేదు.

రిపోర్టులో జరీనా పేరు, పక్కన ‘అజాగ్రత్త’ అనే ఆ మాట. స్టాన్లీ ఆ మాట తీసేయమని కస్టమర్‌తో వాదించాడు. ‘భాష ప్రమాణం ప్రకారమే పనిచేసింది, కాబట్టి తప్పు మనిషిదే’ అని జవాబు వచ్చింది. జరీనా ఏడవలేదు, కోపంతో రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

“అన్నా, ప్రమాణం ప్రకారం తప్పు నాదంటున్నారు కదా. అయితే ప్రమాణాన్నే మారుద్దాం. కమిటీ ఇప్పుడు రివిజన్ చేస్తోంది. మన కంపెనీ మెంబరే. నేను ప్రపోజల్ రాస్తా.”

“రాయి పాపా. సుమ్నే, ఊరికే కూర్చుంటే ఎవరిస్తారు?” అన్నాను. కె.ఆర్.పురం దగ్గర ఫోన్ల కార్ఖానాలో పనిచేసిన రోజుల నుంచీ యూనియన్ మీటింగుల్లో అరిచి అరిచి పండిన గొంతు నాది. ఆఫీసులో అందరూ నన్ను యూనియన్ అన్న అనేవాళ్ళు. తిట్టో మెప్పో నేనడగలేదు.

జరీనా ప్రతిపాదన చాలా చిన్నది. ముందుగా ప్రకటించని పేరు కనబడితే తీగను పుట్టించకూడదు, తప్పు అని చెప్పాలి. అంతే. ఈ సవరణలోకి అది ఎక్కితే, లోపం భాషదేనని కమిటీయే ఒప్పుకున్నట్టు. ఎక్కకపోతే మళ్ళీ సవరణ ఎప్పుడో ఎవడికీ తెలియదు. అప్పటిదాకా ఆమె పేరు పక్కన ఆ మాట అలాగే ఉంటుంది. ఇంకెంతమంది పేర్ల పక్కన చేరుతుందో.

కమిటీ సమావేశాలు ఫోన్ మీద జరిగేవి. అమెరికాలో సాయంకాలం ఆఫీసు ముగించుకుని వాళ్ళు కూర్చుంటే మనకు తెల్లవారి ఆరున్నర. డిసెంబరు చలిలో, నేను కె.ఆర్.పురం నుంచి మొదటి బస్సు పట్టుకుని మఫ్లర్ చుట్టుకుని వచ్చేసరికి, స్టాన్లీ స్పీకర్ ఫోన్ తుడుస్తూ ఉన్నాడు. జరీనా శాలువాలో ముడుచుకుని తన ప్రతిపాదనను పెదాలతో వల్లె వేస్తోంది. కదిరమ్మ ఇడ్లీ గిన్నె తెచ్చి స్పీకర్ ఫోన్ పక్కనే దించింది.

మా వంతు రావడానికి ముందు వాళ్ళు ఒక కామా గురించి చాలాసేపు కొట్టుకున్నారు. కామా ఉండాలా, సెమికోలనా. ఇడ్లీలు చల్లారిపోయాయి.

ఆఖరికి అధ్యక్షుడు మా ప్రతిపాదన పేరు చదివి, “ఇవాళ సమయం తక్కువగా ఉంది. దీన్ని టేబుల్ చేద్దామా?” అన్నాడు.

ఇక చూడాలి మా స్టాన్లీని. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “యెస్! ప్లీజ్ టేబుల్ ఇట్!” అని అరిచాడు.

“టేబుల్ ఇట్ ఇమ్మీడియెట్లీ!” అన్నాను నేను, బల్ల గుద్ది. ఇడ్లీ గిన్నె ఎగిరిపడింది.

“ఇది మీ ప్రతిపాదనే కదా?” అన్నాడు అధ్యక్షుడు. “మీకేమీ అభ్యంతరం లేదా?”

“నో సర్! వియ్ ఆర్ వెరీ హ్యాపీ!” అంది జరీనా.

“ఇంత సహకరించే సభ్యులు దొరకడం కష్టం,” అని మెచ్చుకుని ఆయన మళ్ళీ కామా దగ్గరకు పోయాడు.

ఫోన్ పెట్టగానే స్టాన్లీ అందరితో చేతులు కలిపాడు. మన దేశంలో టేబుల్ చేయడమంటే ఏమిటి? సభ ముందు పెట్టడం. అసెంబ్లీలో బిల్లు టేబుల్ చేశారంటారు. మేము కార్ఖానాలో మేనేజ్‌మెంటు ముందు డిమాండ్లు టేబుల్ చేశామనేవాళ్ళం. టేబుల్ మీదికి వచ్చిందంటే ఇక చర్చ, తర్వాత ఓటు. కదిరమ్మ పైకొచ్చి, “ఏమప్పా, పొద్దన్నే గలాటా? పెండ్లి కుదిరినాదా ఎవురికన్నా?” అంది. జరీనా ఆమెను పట్టుకుని ఒక తిప్పు తిప్పింది. మధ్యాహ్నం స్టాన్లీ మైసూరుపాకు తెప్పించాడు.

కొన్ని రోజులకు సమావేశం మినిట్స్ మెయిల్లో వచ్చాయి. మా ప్రతిపాదన ఎదురుగా ‘టేబుల్డ్’ అని ఉంది. స్టాన్లీ దాన్ని ప్రింటు తీసి నోటీసు బోర్డు మీద అంటించాడు! వచ్చేపోయే వాళ్ళంతా చదివి జరీనాకు కంగ్రాట్స్ చెప్పారు.

తర్వాతి సమావేశంలో మళ్ళీ ఆరున్నరకే కూర్చున్నాం. ఒక్కో అంశం వచ్చిపోతోంది. మాది రాదు. అధ్యక్షుడు ముగించబోతూ, “వచ్చే వారం చివరి సమావేశం. ఆ తర్వాత ముసాయిదా ఓటింగుకు పోతుంది,” అన్నాడు.

జరీనా ఫోన్ మీదికి వంగింది. “సర్, మా ప్రపోజల్ చర్చ ఎప్పుడు?”

“అదా? దాన్ని టేబుల్ చేశాం కదా. పక్కన పెట్టేశాం. ఈ సవరణలో ఇక రాదు. మీరే చాలా ఉత్సాహంగా సమర్థించారు, గుర్తుందా?”

జరీనా చేతిలో పెన్ను కింద పడింది.

నాకు ఒళ్ళు మండింది. “ఏమప్పా స్టాన్లీ, ఈ అమెరికావోళ్ళ టేబులు కింద ఏమన్నా బిలం ఉండాదా? పైన పెట్టింది పెట్టినట్టే మాయమవుతాండాది! కామా మీద గంటసేపు కొట్టుకుంటారు, ఆడబిడ్డ పని మాత్రం అటకెక్కిస్తారా? వీళ్ళ మీటింగు పాడుగాను!”

“సారీ,” అంది ఫోన్. “లైన్‌లో ఏదో గోల వినబడుతోంది. ఎవరైనా మ్యూట్ నొక్కుతారా?”

జరీనా చటుక్కున మ్యూట్ నొక్కి, నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల ఆనించింది. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆమె నవ్వడంతోనే సగం దుఃఖం పోయింది.

ఫోన్ పెట్టాక స్టాన్లీ ఒక అమెరికా డిక్షనరీ వెదికి తెచ్చాడు. అక్కడ ‘టేబుల్ చేయడం’ అంటే చర్చను ఆపి పక్కకు పెట్టడం. ఇంగ్లండు అర్థం, మన అర్థం సరిగ్గా దానికి తలకిందులు. ఒకే మాట. కమిటీలో ఒక్కడికి కూడా తట్టలేదా, ఈ మనుషులు తమ ప్రతిపాదనను తామే పాతిపెట్టమని ఎందుకు ఇంత సంబరపడుతున్నారని? అడగాలనిపించలేదా?

“వదిలేద్దాం అండీ,” అన్నాడు స్టాన్లీ, తల పట్టుకుని. “మనమే కదా టేబుల్ చెయ్యమని అరిచాం. ఇప్పుడు మాకు ఇంగ్లీషు అర్థం కాలేదని చెప్తే పరువేం ఉంటది? రేపు కస్టమర్లు కూడా వింటారు.”

“పరువు చూసుకుంటే డిమాండు పోతాది స్టాన్లీ,” అన్నాను. “పక్కన పెట్టినదాన్ని వెనక్కి తెమ్మని తీర్మానం పెట్టొచ్చు. ఏ సభలోనైనా ఉంటాది ఆ రూలు. మనం అడగల్ల, ఇంకో కంపెనీవోళ్ళు బలపరచల్ల, ఓటు గెలవల్ల.”

“ఎవరు బలపరుస్తారన్నా? మనల్ని పిచ్చోళ్ళు అనుకుంటా ఉంటారు,” అన్నాడు స్టాన్లీ.

జరీనా గిన్నెలోంచి చల్లారిన ఇడ్లీ తీసుకుని నమలడం మొదలుపెట్టింది. తింటూనే, “సార్, నేను మాట్లాడతా,” అంది. “దాచిపెట్టేదేం లేదు. జరిగింది జరిగినట్టే చెప్తా.”

“టేబుల్ సంగతి కూడానా?”

“అదే ముందు చెప్తా.”

గిన్నె తీసుకుపోవడానికి వచ్చిన కదిరమ్మకు సంగతంతా చెబితే, నడుం మీద చేయి పెట్టుకుని నవ్వింది. “అదేందప్పా, మా మెస్సులో టేబులు మీద పెట్టినామంటే తినమనే కదా. పెట్టి తినొద్దనే హోటలు యాడ ఉండాది?”

చివరి సమావేశం రోజు మంచు ఎంత కమ్మిందంటే, మా కిటికీలోంచి రింగు రోడ్డు కనబడలేదు. మొదట్లోనే జరీనా మాట అడిగింది. పక్కన పెట్టిన ప్రతిపాదనను వెనక్కి తీసుకోవాలని తీర్మానం పెట్టింది.

“కానీ మీరే కదా...” అని మొదలుపెట్టాడు అధ్యక్షుడు.

“అవును సర్, మేమే. మా ఊళ్ళో టేబుల్ చేయడం అంటే చర్చకు పెట్టడం. మీరు అడగ్గానే చర్చకు పెడుతున్నారనుకుని అరిచాం. స్వీట్లు కూడా తిన్నాం. మీ మినిట్స్ నోటీసు బోర్డుకు అంటించుకున్నాం.”

ఫోన్‌లో ఎవరో గట్టిగా నవ్వారు. తర్వాత ఇంకొకరు. జరీనా ఆగి, నవ్వు తగ్గాక మళ్ళీ అందుకుంది.

“నవ్వండి సర్, మేమూ నవ్వుకున్నాం. ఇప్పుడు వినండి. మీరొక మాట అన్నారు. మేము దాన్ని ఇంకోలా విన్నాం. రెండూ ఇంగ్లీషే, రెండూ కరెక్టే. ఎవరం అజాగ్రత్తగా లేము. కానీ ‘ఏ అర్థంలో అంటున్నారు’ అని ఎవరం అడగలేదు. అడక్కుండానే ముందుకు పోయాం. నా చిప్పులో జరిగింది అచ్చం ఇదే. మా ఆఫీసులో ఒక మాటకు రెండు స్పెల్లింగులు. ఒకటి నాది, ఒకటి మా సార్‌ది. రెండూ కరెక్టే. మీ భాష అడగలేదు. తనంతట తాను ఒక తీగను పుట్టించి ముందుకు పోయింది. మనుషులం మనమే ఒక వారం ఇలా మోసపోతే, ఆ భాషకు అడగడం నేర్పొద్దా?”

స్టాన్లీ కళ్ళు మూసుకున్నాడు, చర్చిలో కూర్చున్నట్టు.

అప్పుడొక ఆడ గొంతు వినబడింది. ఇంగ్లండు కంపెనీ ప్రతినిధి, అక్కడ అప్పుడు అర్ధరాత్రి దాటింది. ఇంతకు ముందు ఆమె ఒక్క మాట కూడా మాట్లాడగా వినలేదు. “నేను బలపరుస్తున్నాను,” అంది. “ఇంకో సంగతి చెప్పాలి. మా దేశంలో కూడా టేబుల్ అంటే ఎదుట పెట్టడమే. మొన్న నేను కూడా చర్చ జరుగుతుందనే అనుకున్నాను. జరగకపోతే, నేనే ఏదో వినలేదేమోనని సిగ్గుపడి ఊరుకున్నాను. ‘గ్రే’ అనే బూడిద రంగు మాటను అమెరికాలో ‘ఏ’తో రాస్తారు, మేము ‘ఈ’తో రాస్తాం. ఆ ఒక్క అక్షరం వల్ల మా ఆఫీసులో ఎంత పని పాడైందో నన్నడగండి.”

“శభాష్ తల్లీ!” అన్నాను. ఈసారి మ్యూట్ నొక్కే ఉంది. జరీనా ముందే నొక్కి పెట్టింది.

పాత కోడును కాపాడుకునే పెద్దమనిషి ఒకడు అడ్డం పడ్డాడు. ఇప్పటిదాకా రాసిన లక్షల లైన్లలో ఈ పుట్టించిన తీగల మీద ఆధారపడినవి ఉన్నాయట, కొత్త నియమం వస్తే అవన్నీ ఒక్కసారిగా తప్పులైపోతాయట. ఆయన చెప్పింది అబద్ధం కాదు. పాత ఇల్లు కూల్చకుండా కొత్త గోడ ఎలా కట్టాలన్నదే వాళ్ళ బాధ. కొట్టుకున్నారు, కొట్టుకున్నారు. జరీనా ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పింది. ఒకసారి ఇంగ్లీషు తడబడి తెలుగులో ‘అది కాదు సర్’ అంది, అవతలివాళ్ళకు అది కూడా అర్థమైంది.

చివరికి మధ్యేమార్గం కుదిరింది. ఫైలు మొదట్లో ఒక ఆజ్ఞ రాసుకుంటే, అక్కడి నుంచి భాష తీగలను పుట్టించడం మానుకుని తప్పు చూపిస్తుంది. రాయనివాళ్ళకు పాత పద్ధతే. ఓటు పెట్టారు. ఒక్క ఓటు తేడాతో గెలిచాం.

స్టాన్లీ నన్ను ఎత్తుకోబోయి నడుం పట్టేసి కూర్చుండిపోయాడు. జరీనా మెట్ల మీంచి కిందికి పరుగెత్తి మెస్సులో అందరికీ వినబడేలా, “కదిరమ్మక్కా, గెలిచాం!” అని అరిచింది. దోసెలు తింటున్న డ్రైవర్లు ఏ ఎలక్షనో తెలియకపోయినా చప్పట్లు కొట్టారు. అదే రోజు స్టాన్లీ కస్టమర్‌కు రాశాడు, ప్రమాణంలో లోపం ఉందని కమిటీ ఒప్పుకుంది, ఆ మాట కొట్టేయండి అని. కొట్టేశారు. జరీనా సెలవు పెట్టి రెండు రోజులు కర్నూలు పోయి వచ్చింది.

సవరించిన ప్రమాణం అచ్చయి చాలా రోజులైంది. జరీనా ఇప్పుడు తన కింద పనిచేసేవాళ్ళ ఫైళ్ళన్నిటిలో మొదటి లైను ఆ ఆజ్ఞే ఉండాలని పట్టుబడుతుంది. మంచిదే. కానీ నేను చుట్టుపక్కల ఆఫీసుల్లో అడిగి చూశాను. అలాంటి ఆజ్ఞ ఒకటి ఉందనే సగంమందికి తెలియదు. తెలియనివాడే కదా తప్పు చేసేది? రక్షణ కావాల్సినవాడే దాన్ని వెదికి పట్టుకోవాలంటే అదేం రక్షణ? నిన్న కూడా పక్క వీధి ఆఫీసులో ఒక కొత్త పిల్లవాడి చిప్పు చచ్చింది. రిపోర్టులో మళ్ళీ అదే మాట.

కాబట్టి కమిటీ పెద్దలారా, మళ్ళీ సవరణ మొదలుపెట్టారని విన్నాను. ఈసారి సందు వదలొద్దు. తలకిందులు చేయండి. ఏ ఆజ్ఞా రాయకుండా ఊరికే ఉంటే తప్పు చూపించాలి, పాత పద్ధతి కావాలన్న పెద్దమనిషే ఆజ్ఞ రాసుకోవాలి. సమావేశాల్లో మీరు వాడే మాటలకు ఏ అర్థమో మొదటి పేజీలో వేయండి. బెంగళూరులో ఈ భాషతో బతికే ఇంజనీర్లారా, మీరు కూడా వినండి. మీ కంపెనీకి ఓటు ఉంది, ఎవరూ వాడటం లేదు. మేనేజర్ గదిలోకి పోయి ఆ ఓటు మాకివ్వమని అడగండి, తెల్లవారి ఆరున్నరకు లేచి ఫోన్ దగ్గర కూర్చోండి. ఆ వాక్యంలో తప్పు ‘చూపించవచ్చు’ అని రాస్తే ఒప్పుకోవద్దు. ‘చూపించాలి’ అని రాసేదాకా ఫోన్ పెట్టొద్దు.